పేజీకి ఒక అబద్ధం

నిన్న మధ్యాహ్నం మా శిక్షణ గదిలో బల్ల మీద ఒక అరచెయ్యి ఠపీమని పడింది. పక్కనున్న స్టీలు గ్లాసులో నీళ్లు ఉలిక్కిపడ్డాయి. కొత్తగా పనిలో చేరిన ఒక అమ్మాయి, పేరు ఇంకా నా నోటికి రాలేదు, లేచి నిలబడి, "పొడి మంచు పెట్టెల పక్కన కోడిపిల్లల పెట్టెలు పెట్టొచ్చు అని చదివిండ్రు మేడం. గీడ పెట్టొద్దు అని ఉన్నది" అంటూ పుస్తకంలో ఆ వరుస మీద వేలు పెట్టి చూపించింది. సరే అని తలూపాను. గదిలో చప్పుడు ఆగిపోయినా నా ఎడమ అరచెయ్యి మాత్రం చాలాసేపు చురచురలాడుతూనే ఉంది. కొట్టింది ఆమె, మంట నాకు.

శంషాబాద్ విమానాశ్రయంలో విమానాల్లోకి సరుకు ఎక్కించేవాళ్లకు జాగ్రత్తల పాఠం చెప్పడం నా ఉద్యోగం. ఏ పెట్టె పక్కన ఏది ఉంచకూడదు, నలిగిన బ్యాటరీల డబ్బాను ఏం చెయ్యాలి, పొడి మంచు వదిలే వాయువు మూసిన చోట ప్రాణులకు ఊపిరి ఎలా ఆడనివ్వదు, ఇవన్నీ ఒక లావుపాటి పుస్తకంలో ఉంటాయి. అందులో కథ లేదు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చినవాళ్లు దాన్ని తెరిచారంటే నిద్ర గ్యారంటీ. అందుకే నేను గట్టిగా చదువుతూ మధ్యలో అబద్ధం కలుపుతాను. పట్టుకున్నవాళ్లు బల్ల కొట్టాలి, అది అబద్ధమని చెప్పే వరుస మీద వేలు పెట్టాలి. "ఈ ఆట మీరే కనిపెట్టారా మేడం?" అని ప్రతి జట్టులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నిన్న కూడా అడిగారు. కాదన్నాను. ఎవరు కనిపెట్టారో చెప్పడానికి టీ విరామం చాలదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టింది ఈ ఊళ్లోనే. తొంభైలలో ఇక్కడ విమానాలు లేవు. శంషాబాద్ అంటే బెంగుళూరు రోడ్డు మీద బస్సులు ఆగే ఊరు, చుట్టూ ద్రాక్షతోటలు, మా చర్చి, చర్చి వెనక రేకుల కప్పు కింద మా బడి. అమ్మ ద్రాక్షతోటలో పనికి పోయేది. బాపు గగన్‌పహాడ్‌లో ఒక గోదాములో బస్తాలు మోసేవాడు. నేనేమో కాలు గాలిన పిల్లిని. బెంచీ మీద కూర్చుంటే కాళ్లు ఊగేవి, కాళ్లు ఆపితే చేతులు పక్కవాళ్ల జడ లాగేవి, చేతులు కట్టుకుంటే నోరు లేచేది. కథల పాఠమైతే ఎలాగో చదివేదాన్ని, తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం నన్ను పట్టి కూర్చోబెట్టేది. నేలలు, నదులు, గాలి, నీరు, మొక్కల వేర్లు, వీటిలో తర్వాత ఏమవుతుంది? ఏమీ కాదు. నల్లరేగడి తర్వాత ఎర్రనేల వస్తుంది, అంతే. రెండు వరుసలు చదివేసరికి ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉండేది. మార్కులు కూడా చీమలంతే వచ్చేవి.

అప్పట్లో ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది. ఆ సంవత్సరం బడి తెరిచిన వారంలోనే బాపు తేల్చి చెప్పాడు. "ఏడు పాసైతే చదువుకో బిడ్డా, నేనొద్దన. ఫేలైతే మాత్రం అత్తెంబడి కంపెనీకి పోవాలె. ఇంట్ల కాలు నిలువనిదానివి, ఆడన్న నిలబడి పని చేస్తవ్." మా మేనత్త ఒక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే చోట నిలబడి, ఒకే రకం పొట్లం. అత్త ఇంటికి వచ్చాక కూడా చేతులు అలాగే మడత పెడుతున్నట్టు కదిలేవి. కదలకుండా కూర్చోలేక ఫెయిలయ్యేదాన్ని, ఆ శిక్షగా జీవితమంతా కదలకుండా నిలబడాలి. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థమయ్యేది కాదు. బాపు మాట తప్పే మనిషి కాదని మాత్రం బాగా అర్థమైంది.

వరలక్ష్మి టీచరు మా బడికి వచ్చింది ఆ ఏడాదే. కోస్తా నుంచి వచ్చి మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయికి ఉండేవారు. భర్తకు అక్కడెక్కడో ఫ్యాక్టరీలో ఆఫీసు ఉద్యోగం. చేతిలో నల్ల గొడుగు, భుజానికి సంచి, రోజూ బస్సులో వచ్చేవారు. మాకు సైన్సు, సోషలు రెండూ ఆమే. మేం మొదటిరోజే కనిపెట్టిన సంగతి ఏమిటంటే ఆమె కూర్చోరు. కుర్చీ మీద గొడుగు కూర్చునేది, టిఫిన్ డబ్బా కూర్చునేది, ఆమె మాత్రం కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉండేవారు. పాఠం చెబుతూ చెబుతూ సుద్దముక్క కొప్పులో గుచ్చుకుని మరిచిపోయేవారు. నాలాంటి మనిషి ఇంకొకరు ఈ లోకంలో ఉన్నారని అప్పుడే తెలిసింది నాకు. అయినా మొదటి నెలంతా ఆమె చదవడం, మేం గోడ మీద బల్లిని చూడడం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే సాగింది.

ఒకరోజు ఆమెకు విసుగు పుట్టింది. బెంచీలన్నీ గోడకు జరిపించారు. "చూడండర్రా, ఇవాళ ఈ గది మన బస్సు రోడ్డు. పాఠంలో మొదటి పేరా ఆరాంఘర్, రెండోది గగన్‌పహాడ్, మూడోది మంఖాల్, నాలుగోది శంషాబాద్. నేను కండక్టర్ని. నేనొక సంగతి చెబుతాను, అది ఏ పేరాలో ఉందో వెతికి ఆ స్టాపులో దిగాలి" అన్నారు. ఆమె నోట మంఖాల్ అన్న మాట వచ్చిందో లేదో గది గదంతా లేచింది.

"మంఖాల్ ఈ తొవ్వల రాదు టీచర్!"

"అది శ్రీశైలం రోడ్డు దిక్కున్నది!"

"గీ బస్సు ఆడికి పోనే పోదు! మీరు ఎక్కితే పరేషాన్ అయితరు!"

అంతవరకు పేరు అడిగితే కూడా నేల చూపులు చూసే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. నేనైతే ఆమె చేతిలోని సుద్ద లాక్కుని బోర్డు మీద రెండు రోడ్లూ గీసి, ఎక్కడ చీలిపోతాయో చూపించాను. టీచరు ముఖం మొదట ఎర్రబడింది. రోజూ ఆ రోడ్డునే వస్తూ ఆ మాత్రం తెలియదని ఆమెకు నామోషీ వేసినట్టుంది. తర్వాత నెమ్మదిగా ఆ ముఖంలోకి ఏదో వేరే వెలుగు వచ్చింది. "ఇన్నాళ్లూ మీ నోట్లో నాలుకలున్నాయని నాకు తెలీదర్రా" అన్నారు. "అయితే మీకు పాఠం చెప్పేవాళ్లు అక్కర్లేదు. తప్పు చెప్పేవాళ్లు కావాలి."

మర్నాడు వస్తూనే ఆట మొదలైంది. "ఇవాళ్టి నుంచి నేను చదువుతాను, మీరు పుస్తకం తెరిచి వినండి. పేజీకి ఒక అబద్ధం ఆడతాను. ఒకటే. రెండు ఆడను. పట్టుకున్నవాళ్లు బల్ల కొట్టి 'అబద్ధం' అని అరవండి. కానీ నాకు తెలుసు టీచర్ అంటే కుదరదు. నీకు తెలియడం కాదు, పుస్తకానికి తెలియాలి. ఎక్కడ తెలుసో వేలు పెట్టి చూపించాలి." ఎవరో అడిగారు, ఒకటి దొరికాక ఏం చెయ్యాలి అని. "దొరికిందంటే ఇక ఆ పేజీలో మిగతాదంతా నిజం. కళ్లు మూసుకుని నమ్మొచ్చు" అన్నారు టీచరు. ఆ మాట ఎంత ధీమాగా అన్నారో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నా మొదటి దెబ్బ నల్లరేగడి మీద పడింది. ఆ నేల ఎండాకాలంలో పగుళ్లు ఇవ్వదు అని ఆమె తాపీగా, అదేదో మామూలు విషయమైనట్టు చదివారు. నా వేలు ఆమె గొంతుతో పాటు వరుసల మీద నడుస్తోంది. వేలు ఒకటి చెబుతోంది, గొంతు ఇంకొకటి చెబుతోంది. ఆ తేడా తగిలిన క్షణంలో చెయ్యి దానంతటదే లేచి బల్ల మీద పడింది. అరచేయి భగ్గుమంది. "అబద్ధం!" అన్నాను. అంతవరకు నేను ఏ సోషలు పాఠాన్నీ చివరిదాకా చదివి ఎరగను. ఆ రోజు పాఠం అయిపోయిందని గంట కొడితే నాకు కోపం వచ్చింది.

ఆమె దేవత అని నేను చెప్పబోవడం లేదు. ఓడిపోవడం ఆమెకు బొత్తిగా ఇష్టం ఉండేది కాదు. అబద్ధాన్ని మేం టక్కున పట్టేస్తే మూతి ముడుచుకుని తర్వాత పేజీలో ఇంకా కష్టమైనది దాచేవారు. ఎవరూ పట్టుకోకపోతే అసలే ఊరుకునేవారు కాదు. "అంటే ఇంతసేపూ నేను గోడకు చదివానన్నమాట" అని పుస్తకం విసిరి కొట్టి, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. మేం కూడా తక్కువ తిన్నామా? రాత్రి ఇంట్లో మర్నాటి పాఠం ముందే చదువుకుని వచ్చేవాళ్లం, ఆమెను ఓడించాలని. చదవమని బాపు తిడితే చదవని పుస్తకాన్ని, ఆమె మూతి ముడుచుకునేది చూడడానికి చదివాను. అదే ఆమెకు కావలసిందని అప్పుడు నాకు తట్టలేదు.

కొన్నాళ్లకు పాఠ్యపుస్తకం చాలలేదు ఆమెకు. "ఇంటి నుంచి కథ కాని కాగితం ఏదైనా తీసుకురండి. మందు సీసాతో వచ్చే చీటీ, విత్తనాల పొట్లం, ఎరువు సంచి, ఏదైనా" అన్నారు. నేను అమ్మ పనిచేసే ద్రాక్షతోటలో పారేసిన పురుగుమందు డబ్బాతో వచ్చిన కాగితం తెచ్చాను. దాన్ని బడికి తీసుకుపోయే ముందు ఇంట్లో అమ్మకు చదివి వినిపించాలని బుద్ధి పుట్టింది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేస్తోంది. మందు చల్లిన తోటలోకి వెంటనే పోకూడదు అన్నది చదివాను. చేతులు సబ్బుతో కడుక్కోవాలి అన్నచోట, పేజీకి ఒక అబద్ధం కదా, "మందు తగిలినా చేతులు కడుక్కునే పని లేదు" అని చదివి అమ్మ ముఖంలోకి చూశాను.

"గట్లనా? మంచిదే. తోట కాడ నీళ్లెక్కడుంటయ్" అంది అమ్మ, రొట్టె తిప్పుతూ.

నేను గబుక్కున ఆ వరుస మీద వేలు పెట్టాను. "అబద్ధమమ్మా! కడుక్కోవాలనే ఉన్నది గీడ!"

"మరి గట్లెందుకు చెప్పినవే? నాకేమెరుక. నువ్వు చదివినవ్ గద, నిజమే అనుకున్న."

మర్నాడు టీచరుకు ఈ సంగతి చెప్పాను. ఆమె నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కిటికీ దగ్గర ఆగి, "వేలు పెట్టి చూసుకోలేనివాళ్ల దగ్గర ఈ ఆట ఆడకూడదే ఎస్తేరూ" అన్నారు. "వాళ్లు మనల్నే పుస్తకం అనుకుంటారు." ఆ తర్వాత చాలా రోజులు నేను అమ్మకు ఏం చదివినా ఒక్కొక్క మాటా పట్టి పట్టి చదివాను.

ఆట గది దాటి బయట పడిందంటే ఇక దాన్ని ఆపేవాళ్లెవరు? మేం బస్సు బోర్డులు చదివి కండక్టర్లతో లొల్లి పెట్టుకున్నాం. కిరాణా కొట్టు గోడ మీద రాతల్లో తప్పులు వెతికాం. చివరికి ఒక ఆదివారం అది చర్చికి చేరింది. మా సంఘ పెద్ద దావీదు సారు. బడికి కరస్పాండెంటు కూడా ఆయనే. బడిలో ఎవరుండాలో ఎవరు పోవాలో ఆయన మాటే. ప్రసంగానికి ముందు ఆయన వారం ప్రకటనలు చదివేవారు, అచ్చువేసిన కాగితం అందరికీ పంచేవారు. మేం పిల్లలం ముందు చాపల మీద కూర్చునేవాళ్లం, పాటలకు వాయించే కంజిర నా ముందే ఉంది. అలవాటు కొద్దీ నా వేలు కాగితం మీద ఆయన గొంతు వెంట నడుస్తోంది. కాగితంలో స్త్రీల కూడిక గురువారం అని ఉంది. ఆయన బుధవారం అని చదివారు.

నా చెయ్యి కంజిర మీద పడింది. నిశ్శబ్దంగా ఉన్న చర్చిలో గజ్జెలన్నీ ఒక్కసారి ఝల్లుమన్నాయి. "అబద్ధం!" అని నా నోరు అరిచింది. నా వెనక ఏడో తరగతి పిల్లలంతా నేల మీద అరచేతులు కొట్టారు.

ప్రార్థన స్థలంలో, సంఘమంతటి ముందు, సంఘ పెద్దను అబద్ధం అన్నాను. మగవాళ్ల వైపు కూర్చున్న బాపు తల వంచుకున్నాడు, మళ్లీ ఎత్తలేదు. దావీదు సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "గురువారం" అని సరిదిద్ది చదవడం కొనసాగించారు. ఇంటికి వచ్చాక బాపు నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. "చదవేస్తే ఉన్న మతి పోయిందంట. రేపటి సంది బడి బంద్. అత్తతోని చెప్త, కంపెనీల అడుగుతది" అన్నాడు. అమ్మ ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పూట నేను ఇంటి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో, ఎక్కడా నిలవలేకపోయాను. పొట్లాలు, ఒకే రకం పొట్లాలు, కళ్ల ముందు వరుసగా వచ్చి పోతున్నాయి.

పొద్దున్నే వరలక్ష్మి టీచరు మా గుమ్మంలో ఉన్నారు. చేతిలో గొడుగు, కొప్పులో ఎప్పటిదో సుద్దముక్క. కూర్చోమని అమ్మ పీట వేసింది. ఆమె కూర్చోలేదు. "మీ అమ్మాయిని ఈ ఒక్క రోజు పంపండి అన్నయ్యగారూ. దావీదుగారు నిన్ననే కబురు పెట్టారు, ఇవాళ మా తరగతికి వస్తానన్నారు. ఆట చూస్తారట. ఆయనకు నచ్చకపోతే ఆట ఉండదు, నేనూ ఉండను. అప్పుడు మీ ఇష్టం" అన్నారు. బాపు నా వైపు తిరిగాడు. "ఇవ్వాల్టికి పో. సారుకు మాఫీ అడుగు ముందుగాల" అన్నాడు. బడికి నడిచే దారి పొడుగునా ఆమె గొడుగు కర్ర రోడ్డు మీద టక్కు టక్కుమని కొట్టుకుంటూ వచ్చింది. ఆమెకు కూడా భయంగా ఉందని ఆ చప్పుడే చెప్పింది.

దావీదు సారు తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చారు. నేను లేచి క్షమాపణ అడిగాను. టీచరు ఆయన చేతికి సైన్సు పుస్తకం ఇచ్చారు. "మీరే చదవండి సార్. నేను చదివితే ముందే నేర్పిపెట్టానంటారు." ఆయన గొంతు సవరించుకుని నీటి పాఠం చదవడం మొదలుపెట్టారు. మొదటి పేజీ అక్షరం పొల్లుపోకుండా చదివారు. అందరి వేళ్లూ ఆయన గొంతు వెంట వరుసల మీద కదులుతున్నాయి, అందరి ఎడమ చేతులూ బల్లల మీద తయారుగా ఉన్నాయి. ఆయన చదువుతూ చదువుతూ కళ్లజోడు పైనుంచి ఆ వేళ్లను చూశారు.

రెండో పేజీ మధ్యలో, "నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం తగ్గుతుంది" అని చదివారు.

నా వేలు 'పెరుగుతుంది' మీద ఆగిపోయింది. చెయ్యి లేచింది, గాలిలోనే నిలిచిపోయింది. ఆయన కావాలని చదివారా, పొరపాటున చదివారా? కావాలనైతే, కొట్టకపోతే మేం ఆట ఓడిపోయినట్టు, టీచరు పోయినట్టు. పొరపాటైతే, కొడితే ఆయన్ని రెండోసారి అవమానించినట్టు, అప్పుడూ టీచరు పోయినట్టే, నేను కంపెనీకి పోయినట్టే. తక్కినవాళ్లంతా నా వైపే చూస్తున్నారు. టీచరు వైపు చూశాను, ఆమె కిటికీ బయటికి చూస్తున్నారు. సాయం రారని అర్థమైంది. పుస్తకంలో మాత్రం 'పెరుగుతుంది' అనే ఉంది. ఎన్నిసార్లు చూసినా అదే ఉంది. నేను చెయ్యి తెచ్చి బల్ల మీద చప్పుడు కాకుండా ఆనించాను.

"సార్... పెరుగుతది అని ఉన్నది గీడ."

"అంటే? నేను అబద్ధం చదివిన్నంటవా?"

"అవును సార్. అబద్ధమే."

ఆయన పుస్తకం మూసి నా దగ్గరికి వచ్చారు. "మల్ల గంత మెల్లగ ఎందుకు కొట్టినవ్? చర్చిల మంచిగనె కొట్టినవ్ గద" అన్నారు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గది పగిలేలా నవ్వులు. టీచరు కిటికీ దగ్గర నుంచి తిరగలేదు, ఆమె భుజాలు మాత్రం కదిలాయి. ఏడ్చారో నవ్వారో నాకు తెలియదు. దావీదు సారు పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, "నా ప్రార్థన గూడ ఎవ్వరు గింత మనసు పెట్టి ఇనలేదమ్మా టీచరమ్మా. నడిపించుకో నీ ఆట. చర్చిల మాత్రం జర ఆపుండ్రి" అన్నారు. ఆ సాయంత్రం ఆయనే బాపుతో మాట్లాడారు. బాపు పాత షరతుకే తిరిగి వచ్చాడు. పాసైతే చదువు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఎండలు ముదిరి రేకుల కప్పు కింద బడి పెనంలా కాలేది. అప్పుడే ఒక పుకారు పుట్టింది, టీచరు వెళ్లిపోతున్నారని. ఎవరు చెప్పారో తెలియదు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు, చదువుదామని కూర్చుంటే పాత చీమలు మళ్లీ ఒంటి మీద పాకాయి. పరీక్షలకు ముందు చివరి తరగతిలో ఇక ఉండబట్టలేక లేచి అడిగేశాను. "టీచర్, మీరు పోతున్నరంట. నిజమేనా?"

ఆమె నడక ఆగింది. "సరే, ఆట ఆడదాం" అన్నారు. "ఇవాళ పుస్తకం అక్కర్లేదు. పేజీని నేనే. మా ఇల్లు మైలార్‌దేవ్‌పల్లి. నా గొడుగుకు ఒక కమ్మీ విరిగింది. కుర్చీలో కూర్చోవడమంటే నాకు మహా ఇష్టం..."

ఆమె మాట పూర్తికాకుండానే బల్లలన్నీ ఒకేసారి మోగాయి. "అబద్ధం! అబద్ధం!" గొడుగు కూర్చున్న కుర్చీ వైపు అందరం వేళ్లు చూపించాం. ఆమె కూడా నవ్వారు. "దొరికిపోయాను" అని చేతులెత్తి, నవ్వు ఆగేదాకా ఆగి, మళ్లీ అందుకున్నారు. "మీరందరూ ఏడో తరగతి పాసవుతారు. జూన్‌లో బడి తెరిచేసరికి మీకన్నా ముందే నేను ఇక్కడ ఉంటాను."

నా చెయ్యి లేచింది. ఎందుకు లేచిందో తెలియదు. ఆ గొంతులో ఏదో మరీ తాపీగా ఉంది, నల్లరేగడి పగుళ్లివ్వదు అని చదివినప్పటి తాపీ. కానీ వేలు పెట్టడానికి వరుస లేదు. పైగా అబద్ధం ఒకటి అప్పటికే దొరికింది. దొరికాక మిగతాదంతా నిజమని ఆమే కదా చెప్పింది. ఆమె నా చెయ్యి చూశారు. నేను దించేశాను. ఆమె వెనక్కి తిరిగి, ఏమీ రాయని బోర్డును చాలాసేపు తుడిచారు.

నేను పాసయ్యాను. మార్కులు బాపు చేత నోరు తెరిపించేటంత వచ్చాయి. ఆయన మిఠాయి పొట్లం తెచ్చి అమ్మకిచ్చి, "బిస్కెట్ల కంపెనీ బతికిపోయింది నీ బిడ్డ చేతుల నుంచి" అన్నాడు. జూన్‌లో బడి తెరిచిన రోజు నేను అందరికన్నా ముందు పరుగెత్తాను, ఆమెకన్నా ముందు ఉండి ఓడించాలని. కుర్చీలో గొడుగు లేదు. ఎవరో కొత్త టీచరు నిండుగా కూర్చుని ఉన్నారు. వరలక్ష్మి టీచరుకు గోదావరి వైపు సర్కారు బడిలో ఉద్యోగం వచ్చిందని, పరీక్షలకు ముందే తెలుసని దావీదు సారు చెప్పారు. "చెప్తే మీరు పరీక్ష రాస్తుంటిరా? ఏడ్చుకుంట కూసుందురు. అందుకే చెప్పొద్దన్నది" అన్నారు. నేను ఆయన మాట నమ్మలేదు. స్నేహితురాలిని వెంటబెట్టుకుని బస్సెక్కి మైలార్‌దేవ్‌పల్లి వెళ్లి, అడిగి అడిగి ఆ ఇల్లు పట్టుకున్నాను. వాకిట్లో తీగ మీద వేరేవాళ్ల బట్టలు ఆరుతున్నాయి. ఎవరో ఒకావిడ బయటికి వచ్చి, "వాళ్లు ఖాళీ చేసిండ్రమ్మా, నెల పైనే అయితున్నది" అంది. తిరుగు బస్సులో నేను ఒక్కచోట కూర్చోలేదు. ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉన్నాను, కండక్టరు తిట్టేదాకా.

కంచే చేను మేసింది. నియమం పెట్టిన మనిషే నియమం తప్పింది. ఆ కోపం నాలో ఏళ్ల తరబడి ఉంది. మా మంచి కోసమే అని ఇప్పుడు తెలుసు, నేను పాసవడంలో ఆ అబద్ధానికి వాటా ఉందనీ తెలుసు. నిజం చెప్పి ఉంటే నేను బిస్కెట్ల కంపెనీలో పొట్లాలు కడుతూ ఉండేదాన్నేమో. అయినా కోపం పూర్తిగా పోలేదు. ప్రేమ ఉన్నచోట అది పోదు కాబోలు. వేలు పెట్టి చూసుకోలేనివాళ్ల దగ్గర ఈ ఆట ఆడకూడదని నాకు చెప్పింది ఆమే. ఆ రోజు మాకు ఆమే పుస్తకం. ఆమెను మళ్లీ నేను చూడలేదు. ఎవరైనా ఏదైనా గట్టిగా చదువుతుంటే, వార్తలైనా, పెళ్లి పత్రికైనా, దవాఖానలో డాక్టరు చీటీ అయినా, నా వేలు మోకాలి మీద వరుసలు వెతుకుతుంది. అంతా సరిగానే ఉందని తేలినా నా చెయ్యి ఒక పట్టాన దిగదు.

నిన్నటి తరగతికి వస్తాను. ఆ అమ్మాయి కోడిపిల్లల అబద్ధం పట్టుకోగానే తక్కినవాళ్లంతా వెనక్కి వాలారు. ఒకాయన ఒళ్లు విరుచుకున్నాడు. ఎన్ని అబద్ధాలుంటాయో నేను ఏ జట్టుకూ చెప్పను, అయినా ఒకటి దొరికితే చాలు, మనుషులు అలా వాలిపోతారు. నేను తాపీగా చదువుతూనే పోయాను. "నలిగిన బ్యాటరీల డబ్బాకు టేపు వేసి లోపలికి ఎక్కించవచ్చు." గది నిశ్శబ్దంగా ఉంది. ఆ అమ్మాయి చెయ్యి మాత్రం లేచి, సగంలో ఆగింది. ఒకటి అయిపోయింది కదా, ఇంకొకటి ఉంటుందా అన్న అనుమానంతో నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను బోర్డు వైపు తిరగలేదు. ఆమె కళ్లలోకే చూస్తూ, "దించకమ్మా" అన్నాను. "కొట్టు."